మెట్టధాన్యము పథ్యమైన వైనము

చీరాలకు సమీపమున బంగాళాఖాతపు టొడ్డున నున్న వాడరేవు మొదలు పడమట పల్నాటి వఱకు, కాలువ పారని సీమలయందు, వరియన్నము పండుగపూటలకు పరిమితమై, జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగ, ఆరికలే నిత్యాహారముగ నడచిన కాలము మిక్కిలి దూరమైనది కాదు. పల్నాటివారి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువు పరిహాసార్థమే యైనను, ఆ సీమ యాహారచరిత్రకు మంచి సాక్ష్యము.

1832-33 నాటి నందన కరవు గుంటూరు మండలమును శ్మశానప్రాయము చేసినపిదప, 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియై, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు మాగాణులయ్యెను. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడగా పల్నాటి మెట్టలోను వరి పాదుకొనెను. తక్కిన చేలను ప్రత్తియు మిరపయు నాక్రమించెను. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యముతో తెల్లయన్నము పేదయింటికిని నిత్యభోజనమయ్యెను. ఆకలి తీఱెను గాని, పీచుగల ధాన్యము వాడుక తప్పెను.

ఇంతలో వైద్యము వేఱొక మలుపు తిరిగెను. 1895లో భీమవరమున జన్మించిన శాస్త్రజ్ఞులు యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన మందగు అమినోప్టెరిన్‌ను 1948లో సిడ్నీ ఫార్బరను వైద్యుడు బాలల రక్తక్యాన్సరున ప్రయోగించి, తాత్కాలికముగనైనను వ్యాధి నుపశమింపజేసెను. నేడు రాచపుండు (క్యాన్సరు) నుండి బయటపడువారు పెక్కురు. అయితే చికిత్సలో వాడు స్టెరాయిడులు, కొన్ని హార్మోను మందులు, కండ క్షీణించుట, కదలిక తగ్గుట అను కారణములచే వారిలో పలువురకు ఇన్సులిన్ పనితనము మందగించి రక్తమున చక్కెర పెరుగుచున్నది. అట్టివారికి పాలిషు పట్టిన బియ్యము తగ్గించి, పీచుగల ధాన్యము, పప్పులు, ఆకుకూరలు, చేపలు మితముగ భుజింపుడని వైద్యులు చెప్పుట, మెట్టరైతుయొక్కయు తీరవాసియొక్కయు పాతకూటిని మరల వడ్డించుటయే.

అట్లని కొఱ్ఱలు సర్వరోగనివారిణు లనుట అవివేకము: మెత్తని పిండిచేసి పలుచని జావగ కాచినచో నవియు చక్కెరను త్వరగానే పెంచును. మెంతులు రక్తపు చక్కెరను కొంత తగ్గించునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు చూపినను, పొడులు, మాత్రలు మందులతో విరోధింపవచ్చును గావున వైద్యుని యనుమతి లేక సేవింపరాదు. చికిత్సచే బరువు కోల్పోయినవారికి పత్తెము పేర పస్తు మఱింత హానికరము. పళ్లెమున పాతధాన్యమునకు చోటిచ్చి, రోజును కొంత నడచి, చక్కెరను పరీక్ష చేయించుకొనుచుండుటయే క్షేమమార్గము.