స్టార్ట్ బటన్ పక్కన కాస్త జాగా

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మంగళం పాడింది. అయినా విండోస్ 10 ఉన్న కంప్యూటర్ కానివ్వండి, 11 ఉన్నది కానివ్వండి, టాస్క్‌బార్ మీద మనం పిన్ చేసుకున్న బొమ్మల్లో చాలా భాగం ఇవాళ్టికీ కాపురం ఉంటున్నది దాని కొంపలోనే. నమ్మకం కుదరకపోతే తెరిచి చూడండి. మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, దాంట్లో రోమింగ్, దాంట్లో మైక్రోసాఫ్ట్, దాంట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, దాంట్లో క్విక్ లాంచ్, దాంట్లో యూజర్ పిన్డ్, ఆఖర్న టాస్క్‌బార్. ఎక్స్‌ప్లోరర్ నోట్లో మట్టి కొట్టిన క్రోమ్‌ని పిన్ చేసినా సరే, దాని షార్ట్‌కట్ వెళ్ళి కూర్చునేది అక్కడే. బెజవాడ బస్టాండు కృష్ణ ఒడ్డుకి తరలిపోయి మూడు దశాబ్దాలు దాటింది. అయినా గవర్నర్‌పేటలో "పాత బస్టాండు దగ్గర దింపు" అంటే ఆటోవాడు మారు మాట్లాడకుండా తెచ్చి దింపుతాడు. ఇదీ ఆ బాపతే.

బ్రౌజర్‌కీ టాస్క్‌బార్‌కీ ఏమిటి చుట్టరికం? ఆ ఆరా తీయబోయే ఇంతదూరం వచ్చాను.

1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైనప్పుడు టాస్క్‌బార్ వట్టి పట్టీ. ఎడమ కొసన స్టార్ట్, కుడి కొసన గడియారం, నడుమ తెరిచి ఉన్న ప్రోగ్రాముల బటన్లు. మన సొంత సరుకు పెట్టుకునే జాగా లేదు. ఈ పట్టీ పుట్టించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళు మామూలు జనాన్ని కూర్చోబెట్టి నానా పరీక్షలూ చేశారు. మినిమైజ్ చేసిన విండో ఎటు పోయిందో తెలియక వాళ్ళు వెతుక్కుంటుంటే, తెరిచిన ప్రతిదానికీ ఎప్పుడూ కనపడే బటన్ ఒకటి ఏర్పాటు చేశారు. మొదటి నమూనాల్లో ఎడమ పక్క సిస్టమ్, ఫైండ్, హెల్ప్ అని మూడు బటన్లుండేవి. ఏది ఎందుకో జనానికి బోధపడక, మూడూ కలిపి ఒక్క స్టార్ట్ చేశారు. అప్పటికీ అనుమానం తీరలేదేమో, మొదటిసారి మిషన్ తెరిచినవాడికి "మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కు" అని ఇంగ్లీషులో ఒక బాణం గుర్తు పట్టీ పొడుగునా జారుకుంటూ వచ్చి స్టార్ట్‌ని గుద్దేది.

రెండేళ్ళు గడిచాయి. బ్రౌజర్ల రాజ్యం నెట్‌స్కేప్‌ది. దాన్ని పడగొట్టడానికి మైక్రోసాఫ్ట్ 1997 సెప్టెంబర్ 30న ఎక్స్‌ప్లోరర్ 4 వదిలింది. ఆ రాత్రి మైక్రోసాఫ్ట్ కుర్రాళ్ళు కొందరు పెద్ద "ఈ" బొమ్మ ఒకటి మోసుకెళ్ళి మౌంటెన్ వ్యూలో నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చిక మీద దిగబెట్టారు. తెల్లారేసరికి నెట్‌స్కేప్ వాళ్ళు దాన్ని పడదోసి, తమ రాక్షసబల్లి బొమ్మని దాని నెత్తిన ఎక్కించి, "నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18" అని బోర్డు తగిలించారు. మార్కెట్లో వాటాల లెక్క అది. ఆ లెక్క ఎన్నాళ్ళో నిలవలేదు.

ఈ గొడవలో జనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎక్స్‌ప్లోరర్ 4 ఒంటరిగా రాలేదు. కావాలన్నవాళ్ళకి విండోస్ 95 ముఖాన్నే మార్చేసే ఒక మూటని వెంటబెట్టుకొచ్చింది. ఆ మూటలో టాస్క్‌బార్ మీద పెట్టుకునే టూల్‌బార్లు ఉన్నాయి: అడ్రస్, లింక్స్, డెస్క్‌టాప్, క్విక్ లాంచ్. వాటి కింద న్యూ టూల్‌బార్. అంటే మన కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌నైనా తెచ్చి టాస్క్‌బార్ మీద పరుచుకోవచ్చు. బ్రౌజర్ విండోస్‌లో భాగమేనని లోకాన్నీ, తర్వాత కోర్టునీ నమ్మించడానికి మైక్రోసాఫ్ట్‌కి రెండిటినీ విడదీయరానంతగా అల్లుకోవడం అవసరం. అమెరికా ప్రభుత్వం దావా వేసింది 1998 మే 18న. అదే అల్లికతో విండోస్ 98 బజార్లోకి వచ్చింది జూన్ 25న. క్విక్ లాంచ్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్‌లో పుట్టింది అందుకే. కొట్లాట పెద్దవాళ్ళది. గుమాస్తాలకీ ఆపరేటర్లకీ దాంట్లోంచి చేతికి అందుబాటుగా నాలుగంగుళాల జాగా దక్కింది.

ఆ జాగా విలువ తెలిసిన ఊళ్ళలో బెజవాడ ముందుంటుంది. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైన నాటి నుంచీ ఈ డెల్టా అచ్చుయంత్రాల గడ్డ. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి బెజవాడలోనే పుట్టాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్ల సంగతి చెప్పనక్కర్లేదు. తొంభైల ఆఖరికి గవర్నర్‌పేట, గాంధీనగర్ సందుల్లో సీసం అక్షరాల కేసులు అటకెక్కి, వాటి జాగాలో డీటీపీ మిషన్లు దిగాయి. పుస్తకాల ప్రూఫుల పని మీద ఆ షాపుల్లో గంటల తరబడి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. పక్కన కూర్చున్నవాడికి చూడటానికి తెర తప్ప ఏముంటుంది? అలా చూడగా చూడగా, షాపు ఏదైనా ఆపరేటర్ ఎలాంటివాడో అతని టాస్క్‌బార్ చూసి చెప్పగలిగే స్థితికి వచ్చాను.

పద్నాలుగంగుళాల మానిటర్, 800 బై 600 తెర. స్టార్ట్ పక్కనే మొదటి బొమ్మ అను స్క్రిప్ట్ మేనేజర్. అది తెరవకుండా పేజ్‌మేకర్‌లో ఎంత టైపు కొట్టినా తెలుగు పడదు కాబట్టి దానిదే అగ్రతాంబూలం. రెండోది పేజ్‌మేకర్ 6.5. మూడోది పెళ్ళి శుభలేఖల కోసం కోరల్‌డ్రా, నాలుగోది ఫోటోషాప్. ఐదోది చాలామంది దగ్గర కాలిక్యులేటర్: ఫారాలకి పేజీలు, పేజీలకి రేట్లు. కంపెనీ ఇచ్చిన నాలుగు బొమ్మల్లో ఎక్స్‌ప్లోరర్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, వ్యూ చానల్స్ అనే మూడింటినీ వచ్చిన రోజే పీకేసేవారు. నెట్ లేని మిషన్‌కి చానల్స్ ఏం చేసుకోను? బ్రౌజర్‌ని అమ్ముకోవడానికి కట్టిన అరుగు మీద బ్రౌజర్‌కే చోటు లేకుండా పోయింది. ఈ మాట తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

నాలుగోదాన్ని మాత్రం ప్రాణంగా చూసుకునేవారు. షో డెస్క్‌టాప్. ఒక్క నొక్కుతో పరిచిన విండోలన్నీ కిందికి దిగిపోయేవి, ఇంకో నొక్కుతో మళ్ళీ లేచేవి. పని తెచ్చిన పార్టీ ఫ్లాపీలో ఇచ్చిన ఫోటోని డెస్క్‌టాప్ మీద పడేసి, కావలసినప్పుడు అందుకోవడానికి డీటీపీ షాపులో అది కావాలి. నెట్ సెంటర్లో కుర్రాళ్ళకి దాని అవసరం వేరు. ఓనర్ నడిచి వస్తున్న చప్పుడు వినపడగానే మౌస్ అక్కడికే పోయేది. చిత్రమేమిటంటే, అది ప్రోగ్రామ్ కాదు, మామూలు షార్ట్‌కట్ కూడా కాదు. ఐదు లైన్ల టెక్స్ట్ ఫైలు. మొదటి లైను షెల్, రెండోది కమాండ్ ఈక్వల్స్ 2, మూడోది బొమ్మ ఎక్కడినుంచి తెచ్చుకోవాలో, నాలుగోది టాస్క్‌బార్, ఐదోది టోగుల్‌డెస్క్‌టాప్. నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా కొట్టి ఎస్‌సీఎఫ్ అని తోక తగిలిస్తే చాలు. ఆ సంగతి తెలియక, పొరపాటున డిలీట్ చేసుకున్నవాళ్ళు విండోస్ మళ్ళీ ఎక్కించాలేమోనని బెంబేలు పడేవారు. తెలిసినవాళ్ళు దాని కాపీ ఫ్లాపీలో దాచుకునేవారు. "మేస్టారూ, మీ పుస్తకం పోయినా తిరిగి కొట్టుకోవచ్చు, ఇది పోతే నాకు చెయ్యి ఆడదు" అన్నాడొక ఆపరేటర్ నాతో. పుస్తకం నాది కనక నవ్వలేకపోయాను.

అసలు పనితనమంతా న్యూ టూల్‌బార్ దగ్గర కనపడేది. డి డ్రైవులో "పని" అర్థం వచ్చేలా ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఫోల్డర్ పెట్టుకునేవారు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఫైళ్ళకి తెలుగు పేరు పెట్టే వీల్లేదు. దాంట్లో పార్టీకో ఫోల్డర్, ఫోల్డర్‌లో పి65 తోకతో పేజ్‌మేకర్ ఫైళ్ళు. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి, టూల్‌బార్స్, న్యూ టూల్‌బార్ అని ఈ ఫోల్డర్ చూపిస్తే అది పట్టీ మీదికి వచ్చి పరుచుకునేది. అప్పుడు దాని అంచున ఉన్న నిలువు గీత పట్టుకుని గడియారం వైపుకి నెట్టుకుంటూ పోవాలి, పేరూ దాని పక్కన రెండు చిన్న బాణాలూ మాత్రం మిగిలేదాకా. ఆ బాణాల మీద నొక్కితే ఫోల్డర్‌లో ఉన్నదంతా మెనూగా పైకి లేచేది. ఒక పార్టీ పేరు మీద మౌస్ ఆనిస్తే పక్కకి ఇంకో మెనూ, దాంట్లో పుస్తకం, పుస్తకంలో అధ్యాయం. మై కంప్యూటర్ తెరవకుండా, ఒక్క విండో కూడా కదపకుండా కావలసిన ఫైలు చేతిలోకి వచ్చేది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంకో సుఖం కూడా ఉండేది: ఫోల్డర్‌ని లాక్కెళ్ళి తెర కుడి అంచుకి ఆనిస్తే అక్కడే నిలువు పట్టీగా అతుక్కునేది. విండోస్ 7 వచ్చేసరికి అది ఎగిరిపోయింది.

వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల హోల్‌సేల్ కొట్లలో చూస్తే క్విక్ లాంచ్‌లో టాలీ ఒక్కటే ఉండేది. ఆ గుమాస్తాల టాస్క్‌బార్ల మీద రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు.

టాస్క్‌బార్‌కి ముందు దాని తాతలెవరు? 1985 నాటి మొదటి విండోస్‌లోనే తెర అడుగున చిన్న బొమ్మల వరస ఉంది. విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కని రోజులు కాబట్టి మినిమైజ్ చేసినవి అక్కడ దిగేవి. 1987లో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ ఆర్థర్ అనే వ్యవస్థలో అడుగు పట్టీ పెట్టింది. 1988లో స్టీవ్ జాబ్స్ నెక్స్ట్ కంప్యూటర్ చూపించినప్పుడు కుడి అంచున డాక్ ఉంది, మనకిష్టమైనవి దాంట్లో మనమే పేర్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఇంట్లోనే ఆఫీస్ షార్ట్‌కట్ బార్ అని దగ్గరి చుట్టం ఒకటుండేది. ఆఫీస్ 2007తో దాన్ని తీసేశారు.

ఇంకా వెనక్కి పోతే నాకు కనపడేది సీసం అక్షరాల కేసే. కంపోజిటర్ నిలబడి, ఎడం చేత్తో స్టిక్ పట్టుకుని, కేసు వైపు చూడకుండా కుడి చేత్తో అక్షరాలు ఏరేవాడు. తరచు వాడే అక్షరాల గళ్ళు చేతి కిందే ఉండేవి, అరుదుగా పడే ఒత్తులు దూరాన. ఒకడి కేసులో ఇంకొకడు చెయ్యి పెడితే ఊరుకునేవాడు కాదు. అంతకు ముందు కరణం గారి కవిలెలు, వాటి కట్టలు. వాటి పేర్పు ఎవరికి తెలుసో వాళ్ళదే ఊరు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలని రద్దు చేసింది. 

క్విక్ లాంచ్‌కి మాత్రం ఒక్కో అంచున కత్తెర పడుతూ వచ్చింది. 2001 అక్టోబర్‌లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు దాన్ని మూసి ఉంచారు. కావాలన్నవాడు రైట్ క్లిక్ చేసి తెరుచుకోవాలి. ఆ ఎక్స్‌పీయే గౌతమి ఫాంటుతో, తెలుగు కీబోర్డుతో వచ్చింది. లాంగ్వేజ్ బార్ అనే కొత్త టూల్‌బార్‌లో టీఈ అని రెండక్షరాలు గడియారం పక్కన చేరాయి. టాస్క్‌బార్ మీదికి తెలుగు వచ్చింది ఇంగ్లీషు పొట్టి పేరుతో. ఫోల్డర్‌కి తెలుగులోనే పేరు పెట్టి టూల్‌బార్ చేసుకునే భాగ్యం కూడా అప్పుడే కలిగింది. అను అలవాటున్న షాపుల్లో దాన్ని వాడుకున్నవాళ్ళు తక్కువ.

2009 అక్టోబర్ 22న విండోస్ 7 వచ్చింది. క్విక్ లాంచ్‌కీ తెరిచిన ప్రోగ్రామ్ బటన్‌కీ తేడా చెరిపేసి, రెండిటినీ పిన్ అనే ఒకే బొమ్మలో కుక్కింది. షో డెస్క్‌టాప్‌ని గడియారానికి అవతల సన్నటి చీలికగా మార్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది, కాదనను. 2011 నవంబర్‌లో మీసేవ వచ్చాక గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డల్లో కౌంటర్ల ముందు కూర్చున్న కొత్త తరం ఈ పిన్నులతోనే పెరిగింది. వాళ్ళకి లోటేమీ తెలియలేదు. లోటు తెలిసింది డీటీపీ వాళ్ళకి. ఏది తెరిచి ఉందో ఏది లేదో ఒక్క చూపులో పోల్చుకునే కన్ను వాళ్ళది. బొమ్మ చుట్టూ సన్న చట్రాన్ని వెతుక్కోవాల్సి రావడం వాళ్ళకి చిరాకు. చాలామంది పాత ఫోల్డర్‌నే న్యూ టూల్‌బార్‌గా తెచ్చి, పేరు దాచి, ఎడమ పక్కకి లాగి, క్విక్ లాంచ్‌ని మళ్ళీ నిలబెట్టుకున్నారు. విండోస్ 10 దాకా ఈ కిటుకు పనిచేసింది.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11 టాస్క్‌బార్‌ని కొత్తగా రాసుకుంది. మొదట్లో రైట్ క్లిక్ చేస్తే టాస్క్‌బార్ సెట్టింగ్స్ అని ఒకే ఒక్క మాట ఉండేది. టూల్‌బార్స్ మెనూ లేదు. పట్టీని పైకో పక్కకో జరిపే వీలు తీసేశారు. బటన్లు విడివిడిగా పెట్టుకునే వీలు జనం గోల పెట్టాక 2023లో తిరిగి ఇచ్చారుగానీ, న్యూ టూల్‌బార్ ఊసెత్తలేదు. శుభ్రంగా కనపడాలన్న యావ ఎవరిదో, పని ఎవరిదో ఇక్కడ తెలిసిపోతుంది. రోజుకి పది గంటలు ఆ తెర ముందు కూర్చునేవాడు తన బల్లని తనకి తోచినట్టు సర్దుకోవడం ఆ కంపెనీకి గజిబిజిగా కనపడింది. నాకు మాత్రం అది ఇరవై ఏళ్ళ చేతి అలవాటు.

విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది కాబట్టి 11కి మారినవాళ్ళు ఇప్పుడు రెండు దారులు వెతుక్కుంటున్నారు. ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్, స్టార్ట్ ఆల్ బ్యాక్ లాంటి బయటి ప్రోగ్రాములు పాత టాస్క్‌బార్‌ని వెనక్కి తెస్తాయి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి తిరగబడతాయి. అవి వద్దనుకుంటే, కొత్త షార్ట్‌కట్ ఒకటి చేసి, దాని టార్గెట్‌లో ఎక్స్‌ప్లోరర్ (బ్రౌజర్ కాదు, ఫైళ్ళు చూపించేది) అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి ఫోల్డర్ దారి రాసి, బొమ్మ మార్చి పిన్ చేసుకోవచ్చు. నొక్కితే ఫోల్డర్ వస్తుంది, మెనూలా పైకి లేవదు. విండో తెరుచుకుని పేజీని సగం కప్పేస్తుంది, ఫైలు అందుకున్నాక దాన్ని మూసుకోవాల్సిన పని మిగులుతుంది.