అయిదో పేరు

క్లీవ్‌లాండ్ నగరం, క్వికెన్ లోన్స్ అరీనా. 2015 జూన్ 11, గురువారం రాత్రి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్ మొదలవడానికి గంట పైన టైముంది. తొమ్మిదింటికి బంతి గాల్లోకి లేస్తుంది. మన దగ్గర అప్పటికి శుక్రవారం పొద్దున్న ఆరున్నర.

మీరు ప్రెస్ వరసలో కూర్చున్నారు. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు. గీత గీసి ఎడమవైపు క్లీవ్‌లాండ్ కావలియర్స్ తొలి అయిదుగురిని రాసేశారు: లెబ్రాన్ జేమ్స్, మాథ్యూ డెల్లవెడోవా, ఇమాన్ షంపర్ట్, ట్రిస్టన్ థాంప్సన్, టిమొఫే మొజ్‌గోవ్. ఆలోచించే పనే లేదు. ఆండర్సన్ వరెజావ్ డిసెంబరులోనే మడమ దగ్గర దెబ్బతిని సీజనంతా దూరమయ్యాడు. కెవిన్ లవ్ భుజం మొదటి రౌండులో పోయింది. కైరీ అర్వింగ్ మోకాటి చిప్ప ఈ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనే విరిగింది. కోచ్ డేవిడ్ బ్లాట్‌కి మిగిలినవాళ్లు వీళ్లే.

కుడివైపు గోల్డెన్ స్టేట్ వారియర్స్. స్టెఫెన్ కర్రీ, క్లే థాంప్సన్, హారిసన్ బార్న్స్, డ్రేమండ్ గ్రీన్. నాలుగు పేర్లు పడ్డాక పెన్సిలు ఆగింది. అయిదో పేరు ఆండ్రూ బోగట్ అని రాయడానికి కావలసినన్ని కారణాలున్నాయి. ఏడడుగుల సెంటర్. 82 మ్యాచ్‌ల్లో 67 గెలిచిన జట్టులో ఆ స్థానం అతనిది. పైగా కోచ్ స్టీవ్ కెర్ ఇవాళే విలేకరులతో తొలి అయిదుగురిలో మార్పు లేదని చెప్పాడు.

అయినా మీ చెయ్యి కదలడం లేదు. ఎందుకంటే సిరీస్‌లో క్లీవ్‌లాండ్ 2-1తో ముందుంది. ఇవాళ కూడా ఓడితే వారియర్స్ మూడు ఓటములతో అంచుమీద నిలబడతారు, ఇంకొక్కటి ఓడితే కప్పు పోయినట్టే.

కాగితం తిప్పి వెనకవైపు లెక్క వేస్తారు. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఎప్పుడూ అయిదుగురు. అంటే కోచ్ పంచిపెట్టాల్సింది మొత్తం 240 నిమిషాలు. ఎవరికైనా నాలుగు ఎక్కువిస్తే ఇంకెవరికో నాలుగు తగ్గుతాయి. జట్టు జాబితా ఊహించడమంటే ఈ 240ని ఎలా పంచుతారో పట్టుకోవడమే.

క్లీవ్‌లాండ్ వైపు లెక్క భయపెడుతోంది. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కి వెళ్లాయి. రెండోదాంట్లో లెబ్రాన్ ఒక్కడే 50 నిమిషాలు ఆడాడు. మూడో మ్యాచ్‌లో 20 పాయింట్లు చేసిన డెల్లవెడోవాను ఆట అవగానే, ఒంట్లో నీరు తగ్గి కండరాలు పట్టేయడంతో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బెంచీ మీంచి వచ్చి నిలబడగలవాళ్లలో జె.ఆర్. స్మిత్, జేమ్స్ జోన్స్ తర్వాత గట్టిగా చెప్పుకునే పేరు లేదు. అందుకే బ్లాట్‌కి ఆట నెమ్మదిగా నడవాలి. లెబ్రాన్ బంతి పట్టుకుని గడియారాన్ని కరగనివ్వాలి. తప్పిన షాట్లని మొజ్‌గోవ్, ట్రిస్టన్ థాంప్సన్ బుట్ట దగ్గరే ఏరుకోవాలి.

వారియర్స్ వైపు చూడండి. మూడో మ్యాచ్‌లో మొదటి మూడు క్వార్టర్లలో వాళ్లు చేసింది 55 పాయింట్లు. ఒక్క చివరి క్వార్టర్‌లోనే 36. ఆ చివరి క్వార్టర్‌లో కోర్టులో ఎవరున్నారు? అన్నాళ్లూ బెంచీకే పరిమితమైన డేవిడ్ లీ వచ్చి బంతిని చకచకా నడిపాడు. మైదానం తెరుచుకుంది, కర్రీకి ఊపిరాడింది. బోగట్ దూరం నుంచి షాట్ వేయడు. కాబట్టి అతన్ని కాయాల్సిన మొజ్‌గోవ్ బుట్ట కింద కాపలా ఉండిపోతాడు, మిగతావాళ్లు కర్రీ మీద ఇద్దరేసి పడతారు. మరి మొజ్‌గోవ్‌ను బుట్ట దగ్గర నుంచి బయటికి లాగేది ఎవరు?

ఈ ప్రశ్నే మూడో మ్యాచ్ ఓడాక క్లీవ్‌లాండ్ హోటల్ గదిలో ఒక యువకుడికి నిద్ర లేకుండా చేసింది. పేరు నిక్ యూరెన్, వయసు 28. కెర్‌కి సహాయకుడు, వీడియోలు కత్తిరించడం, ప్రాక్టీసులో పాటలు పెట్టడం అతని పనుల్లో కొన్ని. అతను ముందేసుకున్నవి 2014 ఫైనల్స్ వీడియోలు. అందులో శాన్ ఆంటోనియో స్పర్స్ కోచ్ గ్రెగ్ పాపోవిచ్ మూడో మ్యాచ్ నుంచి పొడగరి టియాగో స్ప్లిటర్‌ను పక్కనపెట్టి, బంతిని చక్కగా పంచే బోరిస్ డియావ్‌తో ఆట మొదలుపెట్టాడు. స్పర్స్ ఆ మూడు మ్యాచ్‌లూ వరసగా గెలిచి కప్పు ఎత్తారు. యూరెన్ ముందుగా అసిస్టెంట్ కోచ్ ల్యూక్ వాల్టన్‌తో మాట్లాడాడు. తెల్లవారుజామున మూడింటికి కెర్ ఫోనుకి సందేశం వెళ్లింది: బోగట్ బదులు ఆండ్రే ఇగుడాలా.

ఇక్కడ ప్రెస్ వరసలో మీకు ఆ సందేశం సంగతి తెలీదు. కానీ ఇగుడాలా పేరు మీ బుర్రలోనూ తిరుగుతోంది. ఈ సీజన్‌కి ముందు అతను తన కెరీర్‌లో ఆడిన 758 లీగ్ మ్యాచ్‌లూ తొలి అయిదుగురిలో ఒకడిగానే మొదలుపెట్టాడు. కెర్ కొత్తగా వచ్చి, కుర్రాడు బార్న్స్ ఎదగాలంటే నువ్వు బెంచీ మీంచి రావాలన్నాడు. అప్పటికి 30 ఏళ్లవాడు, ఒకప్పటి ఆల్‌స్టార్, సరేనన్నాడు. ఈ ఏడు ఆడిన 77 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కదాంట్లోనూ అతను మొదలుపెట్టలేదు. ఫైనల్స్‌లో ఇలాంటివాడిని ముందుకు తెస్తారా? తెస్తే బెంచీలో అతని ఖాళీ ఎవరు నింపుతారు? ఒక్క పేరు కదిపితే వెనక మూడు పేర్లు కదులుతాయి. ఇగుడాలా ముందుకొస్తే రెండో బృందంలో బంతి చూసుకోవడానికి షాన్ లివింగ్‌స్టన్ కావాలి, పొడుగు కోసం లీ కావాలి. బోగట్ నిమిషాలు దాదాపు మాయమైపోతాయి.

ఆటకు పది నిమిషాల ముందే అయిదు పేర్లు స్కోరర్ బల్ల దగ్గరికి చేరాల్సిందే, అది అప్పటి నిబంధన. దీపాలు ఆరాయి. 20,000 మందికి పైగా ఉన్న హాలు హోరెత్తుతోంది. అనౌన్సర్ ముందు అతిథి జట్టు పేర్లు చదువుతాడు. మీరు ఒక్క పేరు కోసమే చెవులు రిక్కించారు. తొమ్మిదో నెంబరు, ఆండ్రే ఇగుడాలా.

మీరు గబగబా అయిదో పేరు రాస్తారు. కాగితం మీద ఆ జట్టు ఎంత పొట్టిదో అప్పుడు తెలుస్తుంది. సెంటర్ స్థానంలో ఆరడుగుల ఏడంగుళాల గ్రీన్, అతనికెదురుగా ఏడడుగుల ఒకంగుళం మొజ్‌గోవ్.

బంతి లేచింది. మొదటి నిమిషాల్లోనే క్లీవ్‌లాండ్ 7-0. మీ పక్కవాళ్లు తలలు ఆడిస్తున్నారు. కెర్ టైమ్‌అవుట్ తీసుకున్నాడు. ఊహించేవాడికి అసలు పరీక్ష ఇదే. బోగట్ లేచి వార్మప్ చొక్కా విప్పుతాడా? లేదు. అదే పొట్టి అయిదుగురు తిరిగి వచ్చారు. కోచ్ తన నిర్ణయాన్ని ఏడు పాయింట్లకు అమ్ముకోలేదు.

ఇక ఆట తీరే మారిపోతుంది. కర్రీ మీదికి ఇద్దరు వచ్చేలోపే బంతి గ్రీన్ చేతిలో ఉంటోంది. అతని ముందు ముగ్గురే కాపలా, తనతో కలిపి నలుగురు. మూలలో బార్న్స్, గీత అవతల ఇగుడాలా ఖాళీగా నిలబడ్డారు. మొజ్‌గోవ్ బయటికి పరిగెత్తాలా, బుట్ట దగ్గరే ఉండాలా? అతను నిర్ణయించుకునే లోపు షాట్ గాల్లో ఉంటోంది. మొదటి క్వార్టర్ ముగిసేసరికి వారియర్స్ 31, కావలియర్స్ 24. అటు వైపు చివరన లెబ్రాన్‌కు మొదటి నిమిషం నుంచే ఇగుడాలా ఎదురుగా ఉన్నాడు. రెండో క్వార్టర్‌లో లెబ్రాన్ బేస్‌లైన్ దగ్గర కెమెరాల మీద పడ్డాడు, తల చిట్లి రక్తం కారింది. అయినా మళ్లీ లేచి ఆడాడు.

మూడో క్వార్టర్ మీ గుండెను కాసేపు పట్టేసింది. తేడా 76-70కి తగ్గింది. ఎత్తుకి ఎదురులేక మొజ్‌గోవ్ వేస్తూనే ఉన్నాడు. ఈ రాత్రికి అతని లెక్క 28 పాయింట్లు. కెర్ ఆ ధర చెల్లించడానికి ముందే సిద్ధపడ్డాడు. మొజ్‌గోవ్ రెండేసి పాయింట్లు తీసుకుంటే తీసుకోనీ, మిగతావాళ్లు వెనక్కీ ముందుకీ పరిగెత్తుతూ అలిసిపోవాలి. చివరి క్వార్టర్‌లో ఆ బాకీ వసూలైంది. డెల్లవెడోవా షాట్లు రిమ్ముకి తగిలి రాలిపోయాయి. స్మిత్ త్రీ పాయింటర్లు ఒక్కటీ పడలేదు. 12 నిమిషాల్లో క్లీవ్‌లాండ్ 12 పాయింట్లు మాత్రమే చేసింది. వారియర్స్ 103, కావలియర్స్ 82. కర్రీకి 22, ఇగుడాలాకీ 22, అందులో త్రీలు నాలుగు. బెంచీ మీంచి లీ 9. బోగట్ ఆడింది మూడు నిమిషాలలోపే.

విలేకరుల గదిలో కెర్ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు, అబద్ధం చెప్పానని. ఆలోచన యూరెన్‌దని కూడా అందరి ముందూ చెప్పాడు. పెద్ద కుర్చీలో ఉన్నవాడు చిన్న ఉద్యోగి మాట విని, ఆ పేరు దాచుకోకుండా బయటపెట్టడం నాకు ఆ గెలుపంత గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు పెన్సిలు బ్లాట్ వైపు తిరగాలి. 28 పాయింట్లు చేసినవాడిని ఏం చేస్తాడు? మూడు రోజుల తర్వాత ఓక్లాండ్‌లో మొజ్‌గోవ్‌కు దక్కింది 9 నిమిషాలు, పాయింట్లు సున్నా. వారియర్స్ పొట్టి జట్టు తన ఆట తాను ఆడుకోవడమే కాదు, ఎదుటివాడి జాబితా కూడా తనే రాసింది. లెబ్రాన్ 40 పాయింట్లు చేసినా ఆ మ్యాచ్ 104-91తో పోయింది. జూన్ 16న ఇదే క్లీవ్‌లాండ్‌లో 105-97తో వారియర్స్ 1975 తర్వాత మొదటి టైటిల్ గెలిచారు. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి ఓట్లు 11. ఇగుడాలాకు 7, లెబ్రాన్‌కు 4.

ఇక మీదట ఏ జట్టుకైనా తొలి అయిదుగురిని ఊహించాలని కూర్చున్నప్పుడు, అందరికంటే గొప్ప ఆటగాళ్లెవరు అన్న దగ్గర మొదలుపెట్టకండి. నిన్న జట్టు కోలుకున్నప్పుడు కోర్టులో ఎవరున్నారో చూడండి. ఎదుటి జట్టులో ఎవరి కాళ్లు అలిసిపోయాయో చూడండి. ఆఖరికి, చోటు వదలమంటే మొహం ముడుచుకోకుండా వదిలేవాళ్లు ఆ జట్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. 758 మ్యాచ్‌ల తర్వాత ఇగుడాలా వదిలాడు, ఫైనల్స్ మధ్యలో బోగట్ వదిలాడు. అలాంటివాళ్లు లేని జట్టులో కోచ్‌కు తెల్లవారుజామున ఎంత మంచి ఆలోచన వచ్చినా, పొద్దున్నకి పాత జాబితానే మిగులుతుంది.