నీళ్ళకీ బల్దియాకీ ఏమిటి సంబంధం?

శుక్రవారం పొద్దున ఏ క్యాంపులో చూసినా ఒకటే వరస. వారమంతా పేరుకున్న బట్టలన్నీ ఆ రోజే బకెట్లలోకి దిగుతాయి. పదకొండు అయ్యేసరికి పైన ట్యాంకు ఖాళీ. ఆ మధ్య మా బిల్డింగులో అలాగే అయితే, కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన "బల్దియాకి చెబుదాం పదండప్పా" అన్నాడు. పక్కనే ఉన్న నిజామాబాద్ కుర్రాడు నవ్వి, "నీళ్ళకీ బల్దియాకీ ఏం సంబంధం కాకా? నీళ్ళిచ్చేది మినిస్ట్రీ గదా" అన్నాడు.

కుర్రాడు చెప్పింది నిజమే. కువైట్‌లో నీళ్ళు తయారు చేసేదీ, పైపుల్లో పంపేదీ విద్యుత్తు, జల మంత్రిత్వ శాఖ. కానీ పెద్దాయన మాటా కొట్టిపారేసేది కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి, చమురు లేని కువైట్ దాకా పోవాలి.

ముందు ఈ మాట సంగతి. బల్దియా అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌ని మన పత్రికలు ఇప్పటికీ బల్దియా అనే రాస్తాయి. కాబట్టి తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకి ఈ దేశంలో దిగిన రోజే తెలిసిన మాట ఇది.

కువైట్‌లో నది లేదు, చెరువు లేదు. ఏడాది మొత్తం మీద పడే వాన 12 సెంటీమీటర్లు కూడా ఉండదు. మనం కరువు జిల్లా అని చెప్పుకునే అనంతపురంలోనే 55 సెంటీమీటర్ల దాకా పడుతుంది. పాతకాలంలో ఊరి బయట తవ్విన లోతులేని బావులే దిక్కు. షామియా, హవల్లీ లాంటి చోట్ల కొంచెం తాగే నీళ్ళు దొరికేవి. హవల్లీ అన్న పేరే తియ్యటి నీళ్ళ వల్ల వచ్చిందంటారు. ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లు తప్ప బావి ఎక్కడుండేదో చెప్పగలిగేవాడు కనబడడు.

ఊరు పెరిగింది, బావులు చాల్లేదు. దాంతో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పడవల మీద నీళ్ళు తేవడం మొదలైంది. ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి షత్ అల్ అరబ్ అనే పేరుతో సముద్రంలోకి వెళతాయి. తెరచాప పడవలు అక్కడికి వెళ్ళి, నీళ్ళు నింపుకుని కువైట్ ఒడ్డుకు తెచ్చేవి. గాలి అనుకూలంగా ఉంటే పడవ వస్తుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే రాదు. పడవ రాకపోతే ఊరికి దాహమే. 1939లో ఈ రవాణా కోసం ఒక కంపెనీ పెట్టి, ఒడ్డున నీళ్ళు నిలవ చేసే తొట్లు కట్టారు. నాలుగు రోజుల నీళ్ళు ముందే దాచుకోవాలన్న ఆలోచన అలా ఒడ్డున మొదలైంది.

ఒడ్డు నుంచి ఇంటికి నీళ్ళు చేర్చిందెవరు? గాడిదల మీద కొంత, మనుషుల భుజాల మీద కొంత. ఒక కర్రకు రెండు చివర్లా రెండు కిరసనాయిలు డబ్బాలు కట్టి, భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. అచ్చం మన కావడి. ఆ పని చేసేవాళ్ళని కందరీ అనేవారు. వాళ్ళలో చాలామంది ఇరాన్ తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. అంటే గల్ఫ్‌కి బతకడానికి వచ్చి, ఇక్కడివాళ్ళకి నీళ్ళు మోసిన మొదటి వలస కూలీలలో వాళ్ళూ ఉన్నారు. కందరీ అన్న ఇంటిపేరు కువైటీల్లో ఇప్పటికీ వినబడుతుంది.

బల్దియా పుట్టింది ఈ కాలంలోనే, 1930లో. అప్పటికే బహ్రెయిన్‌లో మున్సిపాలిటీ ఉంది. దాన్ని చూసి వచ్చిన పెద్దలు మనకూ ఒకటి కావాలన్నారు. షేక్ అహ్మద్ అల్ జాబర్ పాలనలో అది మొదలైంది. చమురు ఎగుమతి 1946లో గానీ మొదలు కాలేదు. కాబట్టి ఈ బల్దియా చమురు డబ్బుతో పుట్టింది కాదు, ముత్యాల వ్యాపారం దెబ్బతిని ఊరు చితికిపోతున్న రోజుల్లో వర్తకులు నిలబెట్టింది. వీధులు ఊడ్పించడం, బజార్లు చూసుకోవడం, జనం ఆరోగ్యం లాంటివి దాని మొదటి పనులు. కొద్దిమంది పేరున్న కుటుంబాలవాళ్ళే ఓటేసినా, గల్ఫ్‌లో ఎన్నికలంటే ఏమిటో కాస్త రుచి చూపించింది ఇలాంటి కౌన్సిళ్ళే.

చమురు డబ్బు వచ్చాక అన్నీ ఒక్కసారిగా మారాయి. 1951లో చమురు కంపెనీ అహ్మదీ రేవు దగ్గర రోజుకు 80 వేల గ్యాలన్ల నీళ్ళిచ్చే చిన్న ప్లాంటు నడిపింది. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్ళు తీసే పెద్ద ప్లాంటు వచ్చింది. రోజుకు 10 లక్షల గ్యాలన్లు, అంటే 45 లక్షల లీటర్లు. పక్కనే కరెంటు కూడా తయారయ్యేది. పైపులు ఇంటింటికీ రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ట్యాంకరే ఆధారం. కందరీ పోయి ట్యాంకరు డ్రైవరు వచ్చాడన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి నక్షా కూడా తయారైంది. మినోప్రియో, స్పెన్స్‌లీ, మక్‌ఫర్లేన్ అనే బ్రిటిష్ ప్లానర్లు 1952లో కువైట్‌కి మాస్టర్ ప్లాన్ ఇచ్చారు. మీరు రోజూ బస్సులో దాటే రింగు రోడ్లు ఆ గీతల్లోంచి వచ్చినవే. రింగు రోడ్ల మధ్య పేటలు, ఒక్కో పేటకి బడి, మసీదు, దుకాణాలు. 1920లో కట్టిన ఊరి గోడను 1957లో పడగొట్టి, ద్వారాలు మాత్రం గుర్తుగా ఉంచారు.

ఆ పేటలు కువైటీ కుటుంబాల కోసం గీసినవి. ఇళ్ళు, రోడ్లు, నీళ్ళు అన్నీ ఆ లెక్కే. అదే 1957లో మొదటి జనాభా లెక్కలు తీస్తే మొత్తం 2 లక్షల 6 వేల మంది తేలారు. అందులో నూటికి 45 మంది బయటి దేశాలవాళ్ళు! ఊరు కట్టే చేతులు ఇన్ని ఉంటే, ఆ చేతులు ఎక్కడ పడుకోవాలో నక్షాలో పెద్దగా చోటు లేదు. వాళ్ళు పాత ఊళ్ళో ఖాళీ అయిన ఇళ్ళలో, హవల్లీ, సాల్మియా లాంటి చోట్ల సర్దుకున్నారు. నా మట్టుకు నాకు, ఈ కథలో అసలు ముడి ఇక్కడే పడిందనిపిస్తుంది.

నీళ్ళ విషయంలో ఇంకో మలుపు కూడా చెప్పాలి. 1950ల మధ్యలో షత్ అల్ అరబ్ నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చుకుందామన్న మాట గట్టిగా నడిచింది. సముద్రపు నీటిని మరిగించడం కంటే అది చవకే. కానీ ఇరాక్ ఊరికే ఇవ్వనంది, ఉమ్ కస్ర్ రేవు కోసం సరిహద్దులో కొంత భూమి అడిగింది. బేరం తెగలేదు. 1961 జూన్‌లో కువైట్‌కి స్వాతంత్ర్యం వచ్చిన వారం రోజుల్లోపే, కువైట్ మాదేనని ఇరాక్ ప్రకటించింది. ఆ పైపు వేసి ఉంటే కుళాయి చక్రం ఎవరి చేతిలో ఉండేదో మీరే ఆలోచించండి.

1960లో ఉత్తరాన రౌదతైన్ దగ్గర ఇసుక కింద మంచినీళ్ళు దొరికాయి. సంబరపడ్డారు గానీ, అవి దేశమంతటికీ సరిపోయేవి కావు. నీళ్ళ కోసం సముద్రం వైపే చూడాల్సి వచ్చింది.

1970ల్లో కట్టిన నీలం, తెలుపు చారల పుట్టగొడుగు ట్యాంకులు మీరందరూ చూసే ఉంటారు. స్వీడన్ ఇంజనీర్లు రూపకల్పన చేసిన ఇవి ఐదు గుంపులుగా 31 ఉన్నాయి. ఒక్కోదాంట్లో 3 వేల ఘనపు మీటర్ల నీళ్ళు పడతాయి. సముద్రం ఒడ్డున ఉన్న కువైట్ టవర్స్ కూడా నీళ్ళ ట్యాంకులే. మనలో చాలామంది సెలవు రోజున ఫోటో దిగి ఇంటికి పంపేటప్పుడు ఆ సంగతి గుర్తుకు రాదు. 187 మీటర్ల పెద్ద టవర్‌లో కింది గోళం సగభాగంలో, రెండో టవర్ గోళంలో 4,500 ఘనపు మీటర్ల చొప్పున నీళ్ళు పడతాయి. సూదిలాంటి మూడోదాంట్లో నీళ్ళుండవు, మిగతా రెండింటి మీదా దీపాల వెలుగు వేస్తుంది. జనానికి 1979లో తెరిచారు. 1980లో ఈ నీళ్ళ టవర్లకి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

పని మాత్రం మన పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు పనే. ఎత్తు మీద నీళ్ళుంటే పైపులో ఒత్తిడి ఉంటుంది, కరెంటు పోయినా కాసేపు కుళాయి ఆగదు. అన్నీ నిండితే 1 లక్షా 2 వేల ఘనపు మీటర్లు. వినడానికి చాలా పెద్ద లెక్క. 1980 జనాభా 13 లక్షల 58 వేలు. పంచి చూస్తే మనిషికి 75 లీటర్లు. మన శుక్రవారం బట్టలకీ స్నానానికీ సరి! ఇవి ఒత్తిడి కోసమే తప్ప, ఆపద రోజులకి దాచుకున్న నీళ్ళు కావన్నమాట. ఆ నిలవ వేరే పెద్ద రిజర్వాయర్లలో ఉండాలి.

ఆ ఆపద 1990 ఆగస్టు 2న వచ్చింది. అప్పుడు ఇక్కడున్న పాతవాళ్ళని అడిగితే, కుళాయి దగ్గర, రొట్టెల షాపు దగ్గర క్యూల గురించి చెబుతారు. కువైట్, ఇరాక్‌ల నుంచి సుమారు లక్షా డెబ్భై వేల మంది భారతీయులను విమానాల్లో ఇంటికి చేర్చారు, ఎక్కువమందిని జోర్డాన్ మీదుగా. 1991 జనవరిలో సముద్రంలోకి చమురు వదిలారు. ఉప్పునీటి ప్లాంట్లు నీళ్ళు లాగే చోటికి ఆ తెట్టు చేరితే తాగే నీళ్ళు ఆగిపోతాయి. సౌదీలో జుబైల్ ప్లాంటు ముందు తేలే అడ్డుగోడలు వేసి కాపాడుకున్నారు. కువైట్‌లో వెళ్ళిపోతున్న సైన్యం ప్లాంట్లని ధ్వంసం చేసింది. విముక్తి తర్వాత మళ్ళీ ట్యాంకర్లే. రౌదతైన్ కింద ఉన్న మంచినీళ్ళలోకి కూడా చమురు, మంటలార్పడానికి వాడిన సముద్రపు నీళ్ళు దిగి కొంత చెడిపోయాయి. నీళ్ళ కోసం ఎవరి మీదా ఆధారపడకూడదని సముద్రాన్ని నమ్ముకున్న దేశం, తీరం వెంట ఉన్న కొద్ది ప్లాంట్ల మీద ఎంతగా ఆధారపడిందో ఆ నెలల్లో తెలిసింది. తాగే నీళ్ళలో 90 శాతానికి పైగా ఈనాటికీ ఆ ప్లాంట్లదే.

మళ్ళీ మన బల్దియా దగ్గరకి వద్దాం. 1950ల నుంచి పెద్ద పనులన్నీ ప్రభుత్వ శాఖలు తీసుకున్నాయి. నీళ్ళు ఒక శాఖకి పోయాయి, ఇళ్ళు ఇంకో శాఖకి. బల్దియాకి మిగిలింది భూమి: ఏ చోట ఏమి కట్టాలి, ఎన్ని అంతస్తులు, ఎవరుండాలి. 2005 చట్టం ప్రకారం మున్సిపల్ కౌన్సిల్‌లో 16 మంది, అందులో పదిమందిని పౌరులు ఎన్నుకునేవారు, ఆరుగురిని నియమించేవారు. ప్లాంటుకి, ట్యాంకుకి, కార్మికుల క్యాంపుకి స్థలం కావాలంటే కాగితం వాళ్ళ బల్ల మీదకి పోవాల్సిందే. మనకి అందులో ఓటు లేదు.

కానీ బిల్డింగు ప్లాను ఉంది. ఎన్ని గదులు, ఎంతమంది అన్న లెక్క మీదే పైన ట్యాంకు, కింద మురుగు పైపు వేస్తారు. నలుగురి గదిలో పన్నెండు మంచాలు వేస్తే మినిస్ట్రీ నీళ్ళు సరిగ్గానే ఇస్తుంది, ట్యాంకే చాలదు. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల బిల్డింగు కాలి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. మన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ వెంటనే బల్దియా అధికారులు కొందరు సస్పెండ్ అయ్యారు, ఇన్‌స్పెక్టర్లు బిల్డింగులు తిరిగి అక్రమ నిర్మాణాలు వెతికారు. గదిలో ఎంతమంది ఉన్నారన్నది అప్పుడు అందరికీ లెక్కకొచ్చింది.

ఇదంతా చెప్పాక నిజామాబాద్ కుర్రాడు, "అయితే నీళ్ళు రావట్లేదని కాదు కాకా, గదిలో ఎందరున్నమో చెప్పాలన్నమాట" అన్నాడు. పెద్దాయన అప్పటికే పక్క బిల్డింగు నుంచి రెండు బకెట్లు మోసుకొస్తున్నాడు.