బొగ్గు పుల్లతో దేహనిర్మాణ సాధన

పూర్వపు చిత్రకారులు గీసిన మనిషి బొమ్మను ఎదురుగా పెట్టుకుని, కట్టె బొగ్గుతో నకలు వేస్తూ ఎముకల, కండరాల అమరికను నేర్చుకునే పద్ధతి ఇది. తెలంగాణలోని గనుల ఊరు నస్పూర్‌లో బొగ్గు అంటే శ్రీరాంపూర్ గనుల్లో సింగరేణి సంస్థ తీసే బొగ్గే. రాక్షసి బొగ్గు అని దానికి పాత పేరు. బొమ్మకు అది పనికిరాదు, కాగితాన్ని గీరేస్తుంది. చిత్రకారుడి బొగ్గు ద్రాక్ష తీగనో విల్లో కొమ్మనో గాలి తగలకుండా కాల్చిన పుల్ల. గుడ్డతో తడితే రాలిపోతుంది కాబట్టి ఎన్నిసార్లయినా తప్పు గీయొచ్చు. రబ్బరు రాకముందు రొట్టె ముద్దతో చెరిపేవారు.

ఐరోపా చిత్రశాలల్లో వరస ఖాయంగా ఉండేది: ముందు నకలు, తర్వాత ప్లాస్టర్ బొమ్మలు, ఆ తర్వాతే ఎదురుగా నిలబడ్డ మనిషి. ఈ వరసకు పాఠ్యపుస్తకం లాంటిది ఫ్రాన్సులో షార్ల్ బార్గ్, చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి తయారుచేసిన 197 పలకల సంపుటి. 1866-71 మధ్య మూడు భాగాలుగా వచ్చింది. మూడో భాగంలోని 60 పలకలూ బొగ్గు సాధన కోసమే. వాటిలో నీడలు చాలా తక్కువ, భారమంతా బయటి గీత మీదే. ఆ గీత చూడటానికి తేలిక, వేయబోతే తెలుస్తుంది. పిక్కలో లోపలి కండ బయటి కండకన్నా కిందికి దిగుతుంది. చీలమండ దగ్గర లోపలి ఎముక పైన, బయటిది కింద. రెండింటినీ ఒకే ఎత్తులో పెట్టిన పాదం కొయ్యకాలులా కనిపిస్తుంది.

ఈ పలకలతో కుస్తీ పట్టినవారిలో వాన్ గో ఒకడు. 1880లో, 27 ఏళ్ల వయసులో, మతబోధకుడి పని పోయాక, బెల్జియంలోని కెమ్ అనే ఊళ్లో గని కార్మికుల మధ్య ఉంటూ, వాటిని అరువు తెప్పించుకుని నకళ్లు వేశాడు. ఆ రోజుల్లోనే గనికి నడిచే కార్మికులనూ గీశాడు. నస్పూర్ లాంటి ఊరి పాఠకుడికి ఆ బొమ్మలు పరాయివిగా అనిపించవు.

మన శిల్పశాస్త్రాల దారి వేరు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, ఉత్తమ విగ్రహాలకు తొమ్మిది, పది తాళాలు లెక్కగట్టేవారు. చర్మం కింద ఏముందన్నది అక్కడ ప్రశ్నే కాదు. దేహాన్ని చూసి గీసే పద్ధతి తెలుగువారికి అందిన దారుల్లో బొంబాయి ఒకటి. అక్కడ 1857లో మొదలైన జె.జె. ఆర్ట్ స్కూల్‌లో చాలాకాలం ప్లాస్టర్ బొమ్మలదే రాజ్యం. ఆ స్కూల్‌ను నడిపిన గ్లాడ్‌స్టోన్ సాలమన్ 1919లో నగ్న మోడల్‌ను ఎదుట నిలిపి గీసే తరగతి పెట్టాడు. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897-1925) అక్కడ చదివింది 1916-20 మధ్య, అంటే సరిగ్గా ఆ మార్పు వేళ. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో పౌరాణిక దృశ్యాల పక్కనే దేహాధ్యయనాలు కనిపించడానికి ఆ చదువే కారణం.

కరీంనగర్ జిల్లాలో పుట్టిన పి.టి. రెడ్డి (1915-1996) కూడా 1930లలో జె.జె. స్కూల్‌లోనే చేరాడు. చేయి కుదిరాక ఆయన అనేక శైలులు మార్చాడు, చివరికి తాంత్రిక చిహ్నాల దాకా వెళ్లాడు. అదే జిల్లాలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్‌లోనూ, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదివాడు. ఆయన తెలంగాణ ఆడవాళ్లను రంగుల్లోనే కాదు, బొగ్గుతోనూ గీశాడు. ఆ బొమ్మల్లో కండరాల లెక్క వెతికితే దొరకదు. భుజం నుంచి మోచేతి దాకా ఒకే నిండు గీత, కింద కడియం.