కోలారు ప్రాంత కథోలిక సంఘం: చరిత్ర

కోలారుకు సొంత మేత్రాసనం ఏనాడూ లేదు. గని ఊళ్లతో సహా జిల్లాలోని విచారణలన్నీ బెంగుళూరు అగ్రపీఠం కిందివే. ఇక్కడి కథోలికుల కథను బంగారంతో మొదలుపెట్టడం వాడుకైంది. 1880 దశకంలో జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వించింది, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళ కూలీలు వచ్చారు, చాంపియన్ రీఫ్స్‌లో విజయమాత గుడి వెలిసింది అంటారు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ మొదలు ఇది కాదు. 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉన్న చిక్కబళ్ళాపురంలో, గనులకు నూట యాభై ఏళ్ల ముందే ఫ్రెంచి జెసూట్ల కర్నాటక మిషను పనిచేసింది. పుంగనూరు, కృష్ణాపురం, వెంకటగిరికోట, చిక్కబళ్ళాపురం ఆ గురువులు తిరిగిన ఊళ్లు. వాళ్ల బోధ తెలుగులో, వేషం సన్యాసులది. 1726లో మన దేశానికి వచ్చిన జాఁ కల్మెత్ ఈ ప్రాంతంలో ఉంటూనే వేద ప్రతులు సంపాదించి పారిస్ రాజ గ్రంథాలయానికి పంపాడు. ఐరోపాకు వేదం చేరిన దారుల్లో ఇదొకటి. కోలారు చరిత్ర రాసేవారు దీన్ని వదిలేయడం నిజంగా బాధాకరం.

ఆ విత్తనం ఎండిపోయింది కదా అనవచ్చు. 1764లో ఫ్రాన్సు, 1773లో పోపు జెసూట్ల సభను రద్దు చేశారు. పైగా హైదరు, టిప్పు కాలపు యుద్ధాలు. నాటి విశ్వాసులకూ గని కార్మికులకూ వంశసంబంధం చూపలేమన్నదీ ఒప్పుకోవలసిందే. అయితే సంఘం రక్తంతోనే సాగదు, పాలనతోనూ సాగుతుంది. జెసూట్ల క్షేత్రం 1776లో పారిస్ విదేశీ మిషనుకు దక్కింది. అందులోంచి 1850లో మైసూరు వికారియేటు, 1886లో మైసూరు మేత్రాసనం, 1940లో బెంగుళూరు మేత్రాసనం వచ్చాయి. గని విచారణలు ఈ వరసలో చేరినవే. విడిపోయింది తెలుగు ప్రాంతమే. హద్దులు మైసూరు రాజ్యాన్ని అనుసరించాయి గనుక కోలారు ఇటు, పుంగనూరు అటు పడ్డాయి. పుంగనూరు వైపు నేడు కడప మేత్రాసనానిది. తెలుగు మిషను రెండుగా తెగింది.

గనులు సంఘాన్ని పెంచాయి, కానీ నిలకడ ఇవ్వలేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడ్డాక ఎన్నో కుటుంబాల బతుకుతెరువు బెంగుళూరు రైలెక్కింది. అయినా తెలుగు బంధం పూర్తిగా తెగలేదు: ఆ బెంగుళూరు పీఠానికి 1942లో బిషప్పుగా వచ్చి, 1953లో తొలి అగ్రపీఠాధిపతి అయిన పోతకమూరి తోమాసు గుంటూరు సీమకు చెందిన తెలుగువాడు.