క్షేమమని రాయించిన మా మేనత్త



తెలుగు ఉపాధ్యాయునిగా ముప్ఫయి ఏండ్లకు పైగా 'యోగక్షేమాలు' అనే సమాసాన్ని పిల్లలకు బోధించాను. లేనిదాన్ని పొందడం యోగమనీ, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమమనీ పెద్దలు చెప్పిన వివరణనే రాయించేవాడిని. అయితే ఈ రెండవ మాట నాకు నిఘంటువు కంటె ముందు మా మేనత్త వాకిట్లో పరిచయమయింది. ఆమె చదువుకోలేదు. సిద్ధిపేటలో మా వాడవాళ్ళు ఆమెను 'మిలిటరోళ్ళ కోడలు' అనేవారు. భర్త పేరును ఆమె జీవితంలో ఒక్కనాడూ ఉచ్చరించలేదు. ఆ మర్యాదను పాటించి నేనూ ఇక్కడ ఆ దంపతుల పేర్లు రాయడం లేదు.

ఆ సంబంధం వచ్చింది 1961లో. మా తాతగారికి ససేమిరా ఇష్టం లేదు. ఆయన తరానికి తుపాకి పట్టిన మనిషి అంటే మనసులో మెదిలే దృశ్యాలు వేరు. నిజాం పాలన చివరి దినాల్లో రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్య, ఆ వెనుక ఊళ్ళ మీదుగా సాగిన యూనియన్ సైన్యం - ఇవన్నీ జరిగి అప్పటికి పదమూడేండ్లే. "తుపాకి పట్టెటోనికి పిల్లనిస్తమా?" అన్నారట.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ బెంగాలుకు తీసుకుపోయిన తొలి సిపాయిలు మద్రాసు వైపు నుంచి వెళ్ళినవారు కావడంవల్ల, ఉత్తరాదిన సిపాయికే 'తిలంగా' అన్న పేరు స్థిరపడింది. 1857 నాటి ఢిల్లీలో తిరగబడిన సిపాయిలు ఏ ప్రాంతం వారైనా, ఉర్దూలో వారిని తిలంగాలనే రాశారు. తరువాత 1885 నుంచి 1893 వరకు భారతదేశపు సర్వసేనానిగా ఉన్న రాబర్ట్స్ వంటివారు 'యుద్ధజాతుల' సిద్ధాంతాన్ని తలకెత్తుకోవడంతో సైనికుల ఎంపిక వాయవ్యానికి మళ్ళింది. దక్షిణాది వాటా తరిగింది. చివరకు, సిపాయికి పేరిచ్చిన నేలమీదనే సిపాయికి పిల్లనివ్వడానికి వెనుకాడే దినాలు వచ్చాయి.

వరుడు సికింద్రాబాదులోని ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ కేంద్రంలో తర్ఫీదు పొందినవాడు. ఆయుధాలు, మందుగుండు, దుస్తులు, విడిభాగాలు నిల్వచేసి సేనలకు అందించడం ఆ విభాగం పని. "కాల్చుడు కాదు, తుపాకులకు లెక్క రాసుడు నా కొలువు" అని ఆయన మధ్యవర్తితో చెప్పించాడట. లెక్క అన్న మాట విని తాతగారు మెత్తబడ్డారు. పెళ్ళి జరిగింది. మరుసటి సంవత్సరమే, 1962 అక్టోబరు 20న, చైనాతో యుద్ధం మొదలయింది. 1965లో పాకిస్తాన్‌తో మరొకటి. పెళ్ళయిన నాలుగేండ్లలో ఆమె రెండు యుద్ధాలను అత్తగారింటి గడపలో కూర్చుండి చూసింది.

మామయ్య సంవత్సరానికి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. సిద్ధిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబరులో. ఆనాడు పట్నం నుంచి బస్సే గతి. తెల్లరంగుతో నంబరు, పేరు రాసిన నల్లని ఇనుప పెట్టె బస్సు మీదినుంచి దిగితే వాడంతా తెలిసేది. మిగిలిన పది నెలలూ ఉత్తరాలే.

పదేండ్ల వయసు నుంచి ఆ ఉత్తరాలు రాసే పని నాకు దక్కింది. ఆమె చెప్పేది, నేను రాసేది. చిరునామా దగ్గర మాత్రం "పేరు నీకెరుకే గద అల్లుడా" అని ఊరుకునేది. సైనిక సంఖ్య, పేరు, విభాగం, చివర 56 ఏపీఓ. అందులో ఊరు పేరుండదు. భర్త ఏ దేశపు మూల ఉన్నాడో భార్యకు తెలియకుండానే ఉత్తరం చేరే ఏర్పాటది. 1971లో ఆ అంకె 99గా మారింది. పోస్టాఫీసు పెద్దమనిషి ఒకాయన చూసి "తూర్పుకు పోయిండు" అన్నాడు. ఒక్క అంకె మార్పుతో మా ఇంటికి యుద్ధవార్త అందింది.

ఆ నవంబరులో ఆమె అత్తగారు టైఫాయిడ్‌తో మంచం పట్టింది. వైద్యానికి మా మేనత్త పుస్తెలతాడులోని బంగారు గుండ్లు కుదువ పెట్టింది. ఈ సంగతులేవీ ఉత్తరంలో రాయవద్దన్నది. "మేమందరము క్షేమము" అని మామూలుగానే రాయమన్నది. నేను ఏడవ తరగతి. బడిలో హరిశ్చంద్రుని కథ విన్న వేడి మీదున్నాను. అబద్ధం రాయనన్నాను. ఆమె కోపగించుకోలేదు.

"అల్లుడా, ఈ ఉత్తరం ఆయనకు చేరేలోపట ఈడ మంచో చెడో తేలిపోతది. ఆయనకు మాత్రం అప్పుడే మొదలైతది" అన్నది.

రాశాను. డిసెంబరు 3న యుద్ధం వచ్చింది. రేడియోలో తెలుగు వార్తల వేళకు ఆమె వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చునేది. 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. బందీలు దాదాపు 93,000 మంది అని తరువాత విన్నాము. మామయ్య సంగతి మాత్రం తెలియలేదు. జనవరిలో మనియార్డరు వచ్చింది. దాని అడుగు చీటీమీద రెండు పంక్తులు ఆయన చేతిరాతతో ఉన్నాయి. నేను చదివి వినిపించాను. ఆమె మళ్ళీ చదవమన్నది.

1972 వేసవిలో ఆయన సెలవు మీద వచ్చాడు. మొదటినాడే ఆమె మెడ చూసి, "అన్ని ఉత్తరాలల్ల క్షేమమని రాయించినవు, గుండ్లేవి?" అన్నాడు. ఆమె, "మనుషులు క్షేమమని రాయించిన గని, బంగారం క్షేమమని రాయించిన్నా?" అన్నది. అప్పటినుంచి ఆయన ప్రతి ఉత్తరంలోనూ మనుషులు, బంగారము, గొడ్డుగోద క్షేమమేనా అని విడివిడిగా అడిగేవాడు. లెక్కలు రాసే మనిషి కదా!

ఆయన 1979లో హవల్దారుగా విరమించాడు, 1998లో కన్నుమూశాడు. 1964లో వచ్చిన కుటుంబ పింఛను పథకం పుణ్యమా అని ఆమె చివరిదాకా ఎవరి ముందూ చేయి చాచలేదు. అలహాబాదు నుంచి వచ్చిన పింఛను ఉత్తర్వును నేనే చదివి వినిపించాను. వాడలో ఎవరికీ గుర్తులేని ఆమె పూర్తి పేరు సైన్యపు కాగితాల్లో మాత్రం తప్పులేకుండా ఉంది. ప్రతి నవంబరులోనూ బ్రతికి ఉన్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి. బల్ల అవతలి మనిషి "ఎట్లున్నవమ్మా?" అంటే "క్షేమమే బిడ్డా" అని వేలిముద్ర వేసేది. ఆమె 2016లో పోయింది.

తరువాత ఇల్లు సర్దుతుంటే ఆ నల్లపెట్టె తెరిచాము. నేను రాసిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. ఆయన వాటిని ఊరూరా మోసి ఇంటికి తెచ్చుకున్నాడు. సరుకు అందినప్పుడు తేదీ వేసే అలవాటు కొద్దీ, ప్రతి ఉత్తరం వెనుకా పెన్సిలుతో చేరిన తేదీ వేశాడు. నా వంకరటింకర అక్షరాల నవంబరు ఉత్తరాన్ని వెదికి తిప్పి చూశాను. డిసెంబరు 20 అని ఉంది. అప్పటికి ఢాకాలో యుద్ధం ముగిసి నాలుగు దినాలు. ఇక్కడ ఆమె అత్తగారు లేచి తిరుగుతున్నది.

ఆనాడు అబద్ధం రాశానని చాలా ఏండ్లు నొచ్చుకున్నాను. ఉత్తరం రాసిన దినాన అది అబద్ధమే. చేరిన దినానికి నిజమయింది. ఆ నడుమ దినాల్లో దాన్ని నిజం చేసింది ఆమె. యుద్ధచరిత్రల్లో బందీల లెక్క ఉంటుంది, కుదువపడ్డ గుండ్ల లెక్క ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు. మీ ఇండ్లలోనూ అట్లాంటి పెట్టెలుంటే, అమ్మేముందు ఒక్కసారి తెరిచి చూడండి.