ఏకశేషము: కృష్ణామండల జంటకవుల మైత్రి

సంస్కృతవ్యాకరణమున మిత్రార్థమందు 'సుహృత్' అను రూపము ప్రత్యేకముగా విధింపఁబడినది. మంచి హృదయము గలవాఁడను సామాన్యార్థము వివక్షితమైనచో 'సుహృదయుఁడు' అనియే నిలుచును. మిత్రుఁడు వివక్షితుఁడైనప్పుడు మాత్రమే హృదయశబ్దము హృత్తుగా మాఱును. మంచివారందఱును మిత్రులు కారనియు, మైత్రికి వేఱొక సంబంధము కావలయుననియు పాణిని గుర్తించినట్లే యున్నది. ఆ సంబంధము కాలముచే పరిపక్వమై మనుజునకు ఊఱటయు, నూతనశక్తియు నెట్లగునో కృష్ణామండల సాహిత్యచరిత్ర చక్కఁగా తెలుపుచున్నది.

బెజవాడనుండి బందరునకు పోవు రాజమార్గమున కంకిపాడు గలదు. దానిని దాఁటి ఉయ్యూరు చేరినచో సమీపముననే కాటూరు. కాటూరి వేంకటేశ్వరరావుగారు 1895వ సంవత్సరమున అచ్చటనే జన్మించిరి. ఈ మార్గమునకు కొనయందలి బందరు, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున, వరిచేల నడిమి పల్లెలనుండి చదువునకై వెడలిన బాలురకు విద్యాస్థానము. 1902లో కృష్ణాపత్రికయు, 1910లో ఆంధ్రజాతీయ కళాశాలయు అచ్చట వెలసినవి. కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగార్లు మువ్వురును మిత్రులే.

ఆ బందరునందే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) హిందూ ఉన్నతపాఠశాలలో తెలుఁగు పండితులుగా నుండిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో (1872–1920) వారికి గల చెలిమి, చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని సహాధ్యాయులుగా నున్న నాఁడు నాటుకొన్నది. పిమ్మట శతావధానములు, సంస్థానసందర్శనములు, పాండవోద్యోగవిజయములు మొదలగు నాటకములు, అన్నియు జంటపేరనే వ్యాప్తి గాంచినవి. 1920లో తిరుపతిశాస్త్రిగారు దివంగతులైరి. వేంకటశాస్త్రిగారు మఱి ముప్పది సంవత్సరములు జీవించి, ఆ కాలమున రచించినవానిని సైతము తిరుపతి వేంకటకవుల పేరనే ప్రకటించుచు వచ్చిరి.

ఇచ్చట చరిత్రకారునకు ఒక చిక్కు గలదు. గతించినవారి నామమును తరువాతి గ్రంథములందు నిలుపుట స్నేహధర్మమే కాని చారిత్రకసత్యము కాదని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము త్రోసిపుచ్చఁదగినది కాదు. గ్రంథకాలమును నిర్ణయించువాఁడు 1920కి పూర్వాపరములను వేఱుపఱుపకున్నచో దోషమే యగును. అయినను కాలనిర్ణయము వేఱు, కర్తృత్వనిర్ణయము వేఱు. ఒకరు ఎత్తుకొన్న పద్యమును మఱొకరు అందుకొని పూర్తిచేయు అవధానాభ్యాసమున ఏర్పడిన ధారకు ఇరువురును కర్తలే. అట్టి ధార ఒకరి మరణముతో రెండుగా చీలి, ఒక సగము లోపించునది కాదు.

వ్యాకరణమున దీనికి తగిన దృష్టాంతము ఏకశేషవృత్తి. 'పితరౌ' అన్నచో వినఁబడునది పితృశబ్దమొక్కటియే. కాని మాతయు పితయు నిరువురును బోధపడుదురు. శేషించిన పదము లోపించినదాని యర్థమును గూడ వహించును. దృష్టాంతము నిరూపణము కాకపోవచ్చును. అయినను వేంకటశాస్త్రిగారి యాచారము అర్థరహితము కాదని చూపుటకు ఇది చాలును.

ఈ శేషత్వము శోకమాత్రముగా పరిణమింపకుండుట గమనింపఁదగినది. వార్ధకమున వారు వ్రాసిన 'కథలు-గాథలు' అను వచనరచనయందు గురువులు, సహాధ్యాయులు, సభలు, వివాదములు మరల సజీవములై నిలుచును. పద్యమునకు పేరొందిన కవి, పాతమిత్రులను స్మరించుచు, సంభాషణమునకు చేరువైన క్రొత్త వచనరీతిని సాధించెను. వృద్ధాప్యమున లభించిన ఈ నూతనత్వమునకు మూలము పురాతనమైత్రియే.

వారి శిష్యులలో పింగళి లక్ష్మీకాంతముగారును (1894–1972), పైఁ బేర్కొనిన కాటూరివారును మఱొక జంట. అశ్వఘోషుని కావ్యమును అనుసరించి వీరు రచించిన 'సౌందరనందము' గురువుగారి షష్టిపూర్తి సందర్భమున వారికి అంకితమైనది. 1931లో లక్ష్మీకాంతముగారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తున అధ్యాపకులై వాల్తేరు చేరిరి. కాటూరివారు బందరుననే యుండిరి. సాయంకాలములందు కృష్ణాపత్రికా కార్యాలయమున ముట్నూరివారి చుట్టును చేరెడు మిత్రగోష్ఠికి 'దర్బారు' అని వాడుక. కాటూరివారు ఆ గోష్ఠికి ఆప్తులు. 1945లో కృష్ణారావుగారు గతింపఁగా పత్రికాసంపాదకత్వమును వహించినవారును వారే. అచ్చటను ఒక మిత్రుని భారమును శేషించిన మిత్రుఁడు మోసెను.

అయితే పింగళి కాటూరికవులు పిమ్మట వేఱువేఱు పేర్లతోను రచనలు గావించిరి. 'పౌలస్త్యహృదయము' కాటూరివారిది, 'సాహిత్యశిల్పసమీక్ష' లక్ష్మీకాంతముగారిది. 1962లో కాటూరివారు పరమపదించునంతవఱకు మైత్రి నిలిచినను, కర్తృత్వము మాత్రము ఎవరిది వారికే నిలిచినది. ఇది ద్వంద్వసమాసము వంటిది. పదములు రెండును వినఁబడుచునే కలిసియుండును. కావున జంటపేరు లేనిచోట మైత్రి తక్కువ యనియు, జంటపేరున్నచోట ఒకరి కృతిని మఱొకరికి కట్టిపెట్టి రనియు ఊహించుట రెండును పొరపాట్లే.

పాఠశాలలందు ఈ కవుల పద్యములను బోధించు పండితులు 'ఇది ఎవరిది?' అను బాలుని ప్రశ్నకు తొందరపడి ఒక్క పేరు చెప్పకుందురుగాక. మొదట గ్రంథమునకు సంవత్సరమును చెప్పి, పిదప కవులు తామే నిలిపిన పేరును చెప్పుట న్యాయము. ఇరువురుగా బ్రదికినవారిని ఒక్కరినిగా చేయుటకు చరిత్రకు అధికారము లేదు.